జోడీల మేస్త్రి వేళ్లు

ఒంటి గుర్రాన్ని బండికి అలవాటు చేసేవాళ్లు ఆ ఊళ్లో నలుగురైదుగురు ఉండేవారు. రెండు గుర్రాలను ఒక నొగకు అటూ ఇటూ కట్టి ఒకే ప్రాణంలా నడిపించగలిగినవాడు మాత్రం ఒక్కడే. అందుకే అతన్ని అందరూ జోడీల మేస్త్రి అనేవారు. పేరు పెట్టి పిలిచేది ఒక్క వాళ్లమ్మే. ఆవిడ పోయాక ఆ పేరు వాడేవాళ్లే లేకుండా పోయారు.

మేస్త్రి పనిచేసేది ఊరేగింపులకూ, పెళ్లిళ్లకూ, అంతిమయాత్రలకూ బండ్లు అద్దెకిచ్చే ఒక కంపెనీలో. రైల్వే గూడ్స్ షెడ్డు వెనక రేకుల కప్పున్న పొడుగాటి గుర్రపుశాల. పన్నెండు గదులు, మధ్యలో నీళ్లు పారే కాలవ, చివర దాణా గది. ముప్పై రెండేళ్లుగా తెల్లారేసరికి ఆ గేటు తీసేది అతనే.

చూసేవాళ్లకు జోడీ అంటే ఒకే రంగు, ఒకే ఎత్తు. మేస్త్రికి జోడీ అంటే అడుగు. కట్టిన కొత్తలో ఒక గుర్రం బండి లాగుతుంటే రెండోది పక్కన షికారుకొచ్చినట్టు నడుస్తుంది. ఒకటి కదిలి పట్టీలు బిగిశాక గానీ రెండోదానికి బయల్దేరాలన్న సంగతి తట్టదు. ఆ రెంటి చేతా ఒకే క్షణంలో భుజం మోపించడానికి కొన్నిసార్లు నాలుగు నెలలు పట్టేది, కొన్నిసార్లు ఏడాది. తోలేవాడి చేతిలో ఉండేవి రెండే పగ్గాలు. కానీ ఒక్కో పగ్గం మధ్యలో రెండుగా చీలి రెండు గుర్రాల నోళ్లకూ వెళ్తుంది. అంటే ఒక్క తోలుముక్కలో రెండు నోళ్లు మాట్లాడుతుంటాయి. ఏ మాట ఎవరిదో వేళ్లకు తెలియాలి. మేస్త్రికి పని నేర్పిన ముసలాయన, కళ్లు మూసుకుని పగ్గాలు పట్టుకోమని చెప్పి, ఏ గుర్రం నాలిక కదిపిందో చెప్పించేవాడట. చెప్పలేకపోతే ఆ పూట పేడ ఎత్తడమే.

మేస్త్రి భార్య తోలుపని చేసేవాళ్ల ఇంటి పిల్ల. కళ్లేలు, మెడపట్టీలు, పగ్గాలు కుట్టడం ఆమెకు తండ్రి దగ్గర్నుంచి వచ్చిన విద్య. పెళ్లికి ముందు మేస్త్రి ఒకసారి తెగిన పగ్గం తీసుకుని వాళ్ల కొట్టుకు వెళ్లాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది గుర్రం తెంపింది కాదు. తోలేవాడి కోపం తెంపింది" అంది. మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి. వారం తిరక్కుండా మంచి పగ్గాన్నే కత్తితో కోసుకుని మళ్లీ వెళ్లాడు. ఆమె ఆ కోత చూసి నవ్వింది. ఆ నవ్వుతోనే సంబంధం ఖాయమైంది. అయితే గుర్రాలంటే మాత్రం ఆమెకు మొదట్నుంచీ గిట్టదు. వాటి వాసన, వాటి కళ్లు, వెనకనుంచి ఎప్పుడు తంతాయో తెలియని ఆ తీరు ఏదీ పడదు. "నేను మీకు రెండో పెళ్లాన్ని. మొదటిది ఆ శాలలో ఉంది" అనేది. పిల్లలు లేరు. కుట్టు బల్ల, గుర్రాలు, ఇద్దరి మధ్యా రోజుకు నాలుగు టీలు, అదే వాళ్ల సంసారం.

వేళ్లు మొద్దుబారడం అతని యాభై అయిదో ఏట మొదలైంది. ముందు చిటికెన వేలు, తర్వాత పక్కది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి అద్దం ముందు నిలబడాల్సి వచ్చేది. ఒకరోజు పొగలు కక్కే టీ గ్లాసును గుప్పిట్లో పట్టుకుని కబుర్లు చెబుతుంటే, భార్య చటుక్కున లాక్కుంది. అరచెయ్యి అప్పటికే పొంగింది. డాక్టరు సూది గుచ్చి చూసి, చక్కెర జబ్బుకు నరాలు ఎండిపోతున్నాయన్నాడు. ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు గానీ పోయింది తిరిగిరాదన్నాడు.

"శాలలో చెప్పెయ్యండి" అంది ఆమె ఆ రోజే.

"చెబుతాలే. ఈ సీజను కానివ్వు."

రెండు సీజన్లు అయిపోయాయి. వేళ్లు చెప్పనిదాన్ని అతను కళ్లతో రాబట్టడం నేర్చుకున్నాడు. గుర్రాల చెవులు చూసేవాడు, మెడ నరాలు చూసేవాడు. పగ్గాన్ని అరచేతికి ఒక చుట్టు చుట్టుకునేవాడు. ఎదుటివాడు ఆ పని చేస్తే చెంప పగలగొట్టేవాడే. పగ్గం చేతికి చుట్టుకున్నవాణ్ని గుర్రం ఈడ్చుకుపోతుందని వందమందికి చెప్పినవాడు.

ఆ కంపెనీకి తలమానికం లాంటి జోడీ దొరసాని, మబ్బు. రెండూ బూడిదరంగువే. దొరసాని ఆడగుర్రం. ఎడమవైపు కట్టేవారు. పిల్లగా ఉన్నప్పుడే మేస్త్రి చేతికి వచ్చింది. ముక్కు ఎత్తుకుని ఎవర్నీ లెక్కచెయ్యకుండా నడిచే దాని తీరుకు ఆ పేరు అతనే పెట్టాడు. తొమ్మిదేళ్లు ఆ రెండూ ఒకే నొగకు నడిచాయి. వానాకాలం చివర్లో మబ్బుకు కడుపునొప్పి వచ్చింది. తెల్లవారి నుంచి మధ్యాహ్నం దాకా దొర్లి దొర్లి చచ్చిపోయింది. దొరసాని మూడు రోజులు దాణా ముట్టలేదు. ఆ తర్వాత పక్కన ఏ గుర్రాన్ని నిలబెట్టినా చెవులు వెనక్కి పెట్టి కరవబోయేది.

యజమాని ఎక్కడి నుంచో ఇంకో బూడిదరంగు మగగుర్రాన్ని కొనుక్కొచ్చాడు. రంగు కుదిరింది, ఎత్తు కుదిరింది. చురుకు మాత్రం మచ్చుకైనా లేదు. పిలిస్తే పలకదు, కుడి పగ్గం లాగితే ఎడమకు తల విదిలిస్తుంది. నోట్లో వేలు పెట్టినా కొరకని రకం. దాన్ని అందరూ మొద్దు అన్నారు.

మేస్త్రి పద్ధతి తప్పలేదు. ముందు రెంటినీ పక్కపక్క గదుల్లో కట్టాడు. తర్వాత ఒకే తొట్టిలో నీళ్లు పెట్టాడు. నేలమీద నడుస్తూ పొడుగు పగ్గాలతో మొద్దును తిప్పాడు. దుంగ ఈడ్పించాడు. రెండు నెలలకు రెంటినీ కప్పూ అలంకారాలూ లేని బరువైన బోడి బండికి కట్టి మైదానంలో నడిపించాడు. దొరసాని కరవడం మానింది, అంతే. ఇష్టపడిందని ఎవరూ అనలేరు.

అలాంటప్పుడు ఒక పొద్దున వాటిని అసలు బండికి కట్టి రోడ్డెక్కించాడు. వెనక మెట్టుమీద నత్త నిలబడ్డాడు. నత్త అంటే శాలలో గుర్రాల బాగోగులు చూసే మనిషి. నలభై ఏళ్లవాడు. నడక మరీ నిదానం కాబట్టి ఆ పేరు. "వీడు పుట్టేటప్పుడు కూడా మంత్రసాని కునుకు తీసి లేచిందంట" అని మేస్త్రి ఏడిపించేవాడు. పద్దెనిమిదేళ్లు ఒకరి వెనక ఒకరు అదే బండిమీద తిరిగారు.

గూడ్స్ షెడ్డు గోడ పక్కన ఒక లారీ ఆగి ఉంది. దాని టార్పాలిన్ గాలికి పటపట కొట్టుకుంది. మొద్దు ఎగిరింది. ఏ జోడీకైనా జరిగేదే. రెండు పగ్గాలూ సమంగా బిగించి, గొంతుతో నిమ్మళం చెబితే నాలుగడుగుల్లో సర్దుకుంటుంది. మేస్త్రి బిగించాడు. రెండు చేతులూ బిగించాననే అనుకున్నాడు. కానీ ఎడమ పగ్గం అప్పటికే చుట్టు విడిపోయి వేళ్లలోంచి జారిపోయింది. అతని పిడికిట్లో ఉన్నది ఉత్త గాలి. లాగిందల్లా కుడి పగ్గాన్నే. మనిషి చెప్పినట్టే రెండు గుర్రాలూ కుడికి తిరిగాయి. కుడివైపున ఉన్నది గోడ.

నత్త జీవితంలో మొదటిసారి వేగంగా కదిలాడు. వెనకనుంచి దూకి, ముందుకు పరిగెత్తి, దొరసాని కళ్లెం అందుకోబోయాడు. నొగ కొసకీ గోడకీ మధ్య నలిగిపోయాడు. భుజం ఎముక రెండు చోట్ల విరిగింది. తొడ చీలింది. అతని అరుపు విని షెడ్డులోంచి మనుషులు పరిగెత్తుకొచ్చేసరికి దొరసాని ముందుకాళ్లెత్తి నిలబడి ఉంది. నోటినిండా నురగ, కళ్లల్లో తెల్లగుడ్డు.

"పిచ్చెక్కింది దీనికి" అన్నారెవరో.

"జత చచ్చినప్పట్నుంచీ ఇంతే" అన్నారు ఇంకొకరు.

యజమాని వచ్చాడు. "అంతేనా మేస్త్రీ? ఆడదానికి పిచ్చెక్కిందా?"

మేస్త్రి తల కదిలింది. అది అవునని కాదు, కాదని కాదు. ఊపిరి అందక కదిలిన తల అది. చూసినవాళ్లు అవుననే అనుకున్నారు. వాళ్లు అలా అనుకున్నారని మేస్త్రికీ తెలిసింది. ఆ మాట దిద్దలేదు.

"వచ్చే శుక్రవారం లారీ వస్తుంది" అన్నాడు యజమాని. "మనిషి ప్రాణం తీసే గుర్రాన్ని నేను మేపను."

ఆ లారీ ఎక్కిన గుర్రాలు ఎక్కడికి వెళ్తాయో శాలలో అందరికీ తెలుసు. చర్మం దాకా లెక్కకట్టి తీసుకునే చోటికి.

మర్నాడు మేస్త్రి ఆసుపత్రికి వెళ్లాడు. నత్త మంచంమీద వెల్లకిలా ఉన్నాడు. మెడనుంచి నడుందాకా తెల్లటి కట్టు. పక్కన అతని భార్య బత్తాయి వలుస్తోంది.

"మేస్త్రీ, మీకేం కాలేదుగా?" అని నత్తే ముందు అడిగాడు.

"లేదురా."

"దాన్ని పంపించెయ్యండి. మీకు ప్రేమని తెలుసు. కానీ ఈసారి ఎవర్నో చంపుతుంది."

నత్త భార్య ఒక తొన తీసి మేస్త్రి చేతిలో పెట్టింది. అది వేళ్లమధ్యనుంచి జారి నేలమీద పడింది. "అయ్యో, ఇంకోటి తీసుకోండన్నయ్యా" అందామె. అతను లేచి వచ్చేశాడు.

ఇంటికి వచ్చేసరికి భార్య కుట్టు బల్లమీద ముందురోజు గోడ దగ్గర వాడిన పగ్గాలు పరిచి ఉన్నాయి. బాగుచెయ్యమని శాలనుంచి ఎవరో తెచ్చి పడేశారు. ఆమె అతని మొహం చూడలేదు, తోలునే చూస్తోంది.

"కుడి పగ్గం చూడండి. బకిల్ రంధ్రం కోడిగుడ్డులా సాగింది. చీలిక దగ్గర నాలుగు కుట్లు తెగాయి." తర్వాత ఎడమది ముందుకు తోసింది. "ఇది నేను కుట్టి ఇచ్చినట్టే ఉంది. ఎవరూ లాగలేదు దీన్ని."

మేస్త్రి గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

"చెప్పారా?"

"లేదు."

"నత్తకి?"

"లేదు."

"ఎప్పుడు చెబుతారు? దాన్ని కోశాకా?"

"చెబితే నేనేం మిగుల్తానే?" అన్నాడు. "ముప్పై రెండేళ్లు. నాకు ఇంకోటి రాదు. అక్షరం రాదు, బేరం రాదు. ఈ చేతులు పనికిరావని నా నోటితో నేను చెబితే, రేపు పొద్దున లేచి ఎక్కడికి పోవాలి?"

ఊరడించడం ఆమెకు చేతకాదు. పగ్గాలు చుట్టి పక్కన పెట్టి, "దానికి చెప్పుకోవడానికి నోరు లేదు. ఉన్న నోట్లో మీరు ఇనుం పెట్టారు" అంది.

మేస్త్రి ఆ రాత్రి నిద్రపోయాడో లేదో గానీ తెల్లారగానే యజమాని ఇంటికి వెళ్లి కాళ్లావేళ్లా పడ్డాడు. నిజం చెప్పడానికి కాదు, గడువు అడగడానికి. దొరసానిని మళ్లీ దారిలో పెడతానన్నాడు. పాము చావకుండా, కర్ర విరక్కుండా గట్టెక్కాలన్న ఆశ. యజమాని గడ్డం గీసుకుంటూ విని, "పదిహేను రోజులు. ఆ రోజు నేనే వచ్చి బండెక్కుతా. కుదిరిందా, సరే. కుదరకపోతే రెండూ లారీ ఎక్కుతాయి. ఒంటిదాన్ని పెట్టుకుని నేనేం చేసుకోను?" అన్నాడు.

ఇప్పుడు ఒకటి కాదు, రెండు ప్రాణాలు.

మొదటి రోజు మైదానంలో ఒక్కడే బోడి బండి ఎక్కాడు. గుర్రాలు కదిలాయి. కదిలాయని కళ్లకు తెలుస్తోంది, చక్రాల చప్పుడు చెవులకు తెలుస్తోంది, చేతులకు మాత్రం ఏమీ తెలియడం లేదు. రెండు కర్రలు పట్టుకున్నట్టుంది. దొరసాని నోరు ఏమంటోంది? మొద్దు కళ్లెం మీద వాలుతోందా, పారిపోతోందా? రెండో మలుపులో బండి ఆపి, దిగి, చక్రం పట్టుకుని నిలబడ్డాడు. దొరసాని వెనక్కి తిరిగి అతన్ని చూసింది. అంతకుముందు ఎన్నిసార్లు చూసిందో, ఇప్పుడూ అలాగే చూసింది. అది భరించలేకపోయాడు.

మూడో రోజు భార్యను అడిగాడు.

"నేనా?" అందామె. "మీకు మతి ఉందా? ఆ జంతువు తోక ఊపితేనే నాకు గుండె జారుతుంది."

"దగ్గరికి వెళ్లక్కర్లేదు. బండిమీద నా పక్కన కూర్చో. పగ్గాలు పట్టుకో. నీ వేళ్లకి ఏం తెలుస్తోందో నాకు చెప్పు. ఏం చెయ్యాలో నేను చెబుతా."

"మళ్లీ దాచడానికేగా ఇదంతా?"

ఆమె సూది గుచ్చి, దారం తెంపి, లేచింది. "మీకోసం కాదు" అంది.

తెల్లారుజామునే, శాలలో జనం రాకముందే మైదానానికి వెళ్లేవారు. మొదటిరోజు ఆమె బండిమీద కళ్లు మూసుకునే కూర్చుంది. అదే మేలైంది.

"ఏం తెలుస్తోంది?"

"చచ్చేంత భయం తెలుస్తోంది."

"చేతుల్లో, చేతుల్లో చెప్పు."

"ఎడం చేతిలో... రెండు రకాలుగా ఉంది. ఒకటి బండరాయి కట్టినట్టు. ఒకటి పిట్టను పట్టుకున్నట్టు."

మేస్త్రి ఊపిరి బిగబట్టాడు. ముసలాయన దగ్గర తనకు ఆ మాట చెప్పడానికి ఏడు నెలలు పట్టింది. "రాయి దొరసానిది. జత పక్కన లేదని కళ్లెం మీద పడి నడుస్తోంది. పిట్ట మొద్దుది. ఇప్పుడు ఎడం పిడికిలి పిండు. లాగకు. తడిబట్ట పిండుతావే, అలా. పిండి, వదులు."

పిండింది, వదిలింది. దొరసాని మెడ కొంచెం కిందికి దిగింది.

"తేలికైంది!" అందామె, కళ్లు తెరిచి.

మేస్త్రి చూపు తిప్పుకున్నాడు. తనకు కావలసిందే జరిగింది. అయినా తోలు కుట్టే ఆ సన్నటి వేళ్లకేసి అతను అసూయగా చూసిన మొదటి రోజు అదే.

ఆరో రోజు ఆమె ఒక సంగతి కనిపెట్టింది. "కుడి పగ్గం పిండినప్పుడల్లా పిట్ట ఉలిక్కిపడుతోంది. సూది గుచ్చుకున్నప్పుడు నా వేలు లాక్కుంటానే, అట్లా."

మేస్త్రి దిగి మొద్దు నోరు తెరిచి చూశాడు. అతని వేళ్లకు తెలియదు కాబట్టి దవడలు విడదీసి వెలుతురువైపు తిప్పాడు. కుడివైపు లోపలి పన్ను ఒకటి కత్తి అంచులా పెరిగి ఉంది. కళ్లెం బిగిసిన ప్రతిసారీ బుగ్గను దానిమీదకే నొక్కేస్తోంది. బుగ్గ లోపల పుండు పండి, మానిపోయి, మళ్లీ పండిన గుర్తులు. ఆ జంతువు తెలివితక్కువది కాదు. మూడు నెలలుగా నొప్పితో ఉంది. పాత రోజుల్లో అయితే మొదటి వారంలోనే పగ్గం అతనికి చెప్పేసి ఉండేది. ఆకురాయితో పన్ను అరగదీయిస్తున్నంతసేపూ మేస్త్రి దాని మెడమీద తల ఆనించి నిలబడ్డాడు. గోడ దగ్గర అది ఎందుకెగిరిందో, టార్పాలిన్‌కే ఎగిరిందో, అంతకుముందే తను బిగించి ఉంచిన కళ్లేనికే ఎగిరిందో, అతనికి ఇక ఎప్పటికీ తెలియదు.

రెండు రోజులు మొద్దుకు కళ్లెం పెట్టలేదు. తొమ్మిదో రోజు మళ్లీ కట్టారు. పన్నెండో రోజు, ఎండ ఇంకా ఎక్కకముందు, మైదానం పొడుగునా వెళ్తుంటే మేస్త్రికి ఒక చప్పుడు వినిపించడం మానేసింది. ఎనిమిది డెక్కల గలగల పోయి, నాలుగు డెక్కల చప్పుడు మిగిలింది. రెండు గుర్రాలూ ఒకే అడుగు వేస్తున్నాయి. దొరసాని ఒక చెవి మొద్దువైపు తిప్పి నడుస్తోంది.

"ఇప్పుడేం తెలుస్తోంది?" అన్నాడు.

"రెండు పిట్టలు" అంది ఆమె. ఆమె బుగ్గలమీద కన్నీళ్లు జారుతున్నాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

పదిహేనో రోజు యజమాని చెప్పినట్టే వచ్చాడు. అతనితో నత్త కూడా వచ్చాడు. భుజానికి కట్టు, చేతికర్ర. మొహం సున్నం కొట్టినట్టు ఉంది. శాలలో పనివాళ్లంతా గేటు దగ్గర చేరారు. మేస్త్రి, భార్య అసలు బండిమీద కూర్చుని ఉన్నారు. పగ్గాలు ఆమె చేతిలో ఉన్నాయి. ఆడమనిషి చేతికి కూడా లొంగాయని చూపించడానికే అనుకున్నారు చూసినవాళ్లు. మైదానం రెండు చుట్లు తిరిగారు. మలుపు తిరగడం, ఆగడం, వెనక్కి రావడం, ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

"బాగుంది" అన్నాడు యజమాని. "అమ్మా, నువ్వింక దిగు. కంపెనీ బండిమీద నువ్వు కూర్చోవుగా. మేస్త్రీ, నువ్వు పట్టుకో. నేనూ నత్తా వెనక ఎక్కుతాం. షెడ్డు గోడ పక్కనుంచే పోదాం."

ఆమె దిగింది. దిగేముందు పగ్గాలు భర్త చేతుల్లో పెట్టి, ఒక్కో వేలూ దానిచుట్టూ మూసింది.

నత్త మెట్టుమీద కాలు పెట్టడానికి భయపడ్డాడు. తర్వాత పైకి చూసి నవ్వడానికి ప్రయత్నించాడు. "ఫరవాలేదు. పగ్గాలు మేస్త్రి చేతిలో ఉన్నాయిగా" అన్నాడు, తనకు తనే చెప్పుకున్నట్టు. ఎక్కి కూర్చున్నాడు.

గుర్రాలు కదలమన్న మాటకోసం చెవులు వెనక్కి తిప్పి ఎదురుచూస్తున్నాయి. మేస్త్రి కిందికి చూశాడు. పగ్గాలు చేతిలోనే ఉన్నాయి, కళ్లకు కనిపిస్తున్నాయి. కనిపించకపోతే ఉన్నాయో లేదో చెప్పలేడు. గోడ ఎంతో దూరం లేదు. ఈ ఒక్కసారి గట్టెక్కొచ్చు. జోడీ కుదిరింది, గాలి కూడా లేదు. ఈ ఒక్కసారికి.

మెల్లగా వంగి పగ్గాలను ముందు పలకకు ముడివేశాడు.

"దిగండి" అన్నాడు.

"ఏమైంది?" అన్నాడు యజమాని.

"నాకు చేతులు లేవు. రెండేళ్లయింది. వేళ్లకి ఏం తెలియదు. ఆ రోజు ఎడం పగ్గం జారిపోయింది, నాకు తెలియలేదు. కుడిదే లాగాను. నేను తిప్పాను గనకనే అవి గోడకి తిరిగాయి. దొరసానికి పిచ్చీ లేదు, ఏమీ లేదు. నేను చెప్పింది చేసింది."

గేటు దగ్గర ఎవరో దగ్గి ఆగిపోయారు. యజమాని మొహం కందగడ్డలా అయింది. "రెండేళ్లా? పెళ్లివాళ్లని, పసిపిల్లల్ని ఎక్కించుకుని రెండేళ్లు తిప్పావా?" అని అరిచాడు. ఇంకా చాలా అన్నాడు. అన్నవన్నీ న్యాయమే. మేస్త్రి తల వంచుకుని విన్నాడు. కానీ అతను ఎదురుచూస్తున్నది వెనకనుంచి నత్త ఏమంటాడోనని. నత్త ఒంటిచేత్తో పట్టుకుని తిప్పలుపడి కిందికి దిగాడు. సాయానికి మేస్త్రి చాచిన చేతిని చూసి, దాన్ని తప్పించుకుని, తన నిదానపు నడకతో గేటు దాటి వెళ్లిపోయాడు.

గుర్రాలు రెండూ బతికాయి. లారీ వచ్చి ఖాళీగా పోయింది. మేస్త్రిని ఆ మధ్యాహ్నమే పనిలోంచి తీసేశారు. ముప్పై రెండేళ్లు తీసిన గేటు అతని వెనక మూశారు. కొత్త తోలేవాడికి ఆ జోడీ అలవాటయ్యేదాకా మేస్త్రి భార్యను రమ్మని యజమాని కబురు పెట్టాడు. ఆమె రెండు నెలలు వెళ్లింది. గుర్రాలంటే ఇష్టం పుట్టిందా అని ఇరుగుపొరుగు అడిగితే, "లేదు. ఇప్పటికీ వాసన పడదు. కానీ వాటి నోళ్లు నాకు తెలుసు కదా" అనేది.

ఆ రెండు నెలలు మేస్త్రి ఇంట్లో గోడకేసి చూస్తూ గడిపాడు. పొద్దున్నే మెలకువ వచ్చేది, వెళ్లాల్సిన చోటు ఉండేది కాదు. గడ్డం గీసుకోవడం మానేశాడు. రెండుసార్లు నత్త ఇంటికి వెళ్లాడు. మొదటిసారి అతని భార్య తలుపు తీసి, చూసి, వేసేసింది. రెండోసారి తలుపు తియ్యనే లేదు. నత్త భుజం వంకరగా అతుక్కుందనీ, చెయ్యి తలపైకి లేవడం లేదనీ, దాణా మూట ఎత్తలేక శాలలో చీటీలు రాసే పనిలో పెట్టారనీ వేరేవాళ్లవల్ల తెలిసింది.

ఎండలు ముదిరే వేళకు ఒక సాయంత్రం నత్త తనంతట తనే వచ్చాడు. మేస్త్రి భార్య కుట్టు బల్ల దగ్గర ఉంది. మేస్త్రి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. నత్త నిలబడే ఉన్నాడు.

"ఒక్కటి అడుగుతా. నిజం చెప్పండి మేస్త్రీ. ఆ రోజు నేను ముందుకు దూకినప్పుడు, పగ్గం మీ చేతిలో లేదని మీకు తెలుసా?"

"తెలియదురా. గోడ తగిలాక చూసుకున్నా."

"నేను మంచంమీద ఉన్నప్పుడు వచ్చారు. అప్పటికి?"

"అప్పటికి తెలుసు."

నత్త తల ఊపాడు. "భుజం సంగతి వదిలెయ్యండి. గుర్రాలతో పని, విరుగుతుంది. ఆ మంచం దగ్గర మీరు నిలబడి, దాన్ని పంపెయ్యమని నేనంటుంటే విన్నారు చూడండి, అదే నాకు మింగుడుపడదు."

"నాకూ పడదు" అన్నాడు మేస్త్రి.

లోపల్నుంచి సూది చప్పుడు ఆగింది. ఎవరూ అతన్ని కూర్చోమనలేదు. కాసేపటికి నత్తే గుమ్మం రెండో చివర, మధ్యలో మనిషి పట్టేంత ఎడం వదిలి కూర్చున్నాడు. కొత్త తోలేవాడు దొరసానిని కొరడాతో బెదిరిస్తున్నాడని చెప్పాడు. కొరడా గూట్లో పెట్టి పేరు పెట్టి పిలిస్తే చాలని వాడికి చెప్పమన్నాడు మేస్త్రి. చెబుతానన్నాడు నత్త. మేస్త్రి భార్య రెండు గ్లాసుల టీ తెచ్చి ఇద్దరి మధ్యా నేలమీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

నత్త తన గ్లాసు ముట్టుకోకుండానే లేచాడు. అయితే ఆ తర్వాత కూడా నెలకోసారో, రెండు నెలలకోసారో వస్తూనే ఉన్నాడు. వచ్చినప్పుడల్లా గుర్రాల గురించే మాట్లాడేవాడు, ఇంకో మాట ఎత్తేవాడు కాదు.